ఆరు నిమ్మకాయల స్నానం

ఆసుపత్రి కుళాయి దగ్గర ఆరో నిమ్మకాయ కూడా అరిగిపోయింది.

"చాలించండి, తోలు ఊడొస్తుంది," అంది పెళ్లాం. "చేతులేమన్నా అంట్లగిన్నెలా?"

చేపలాయన వినలేదు. గోళ్ల సందులు కూడా తోముకున్నాడు.

"ఇవాళ పిల్లాడి ముక్కులో కుక్కిన గుడ్డ తీస్తారే."

"తీస్తే మంచిదేగా?"

"మంచిదే. కానీ ఇక వాడికి నా వాసన తెలిసిపోతుంది."

కిందటేడు చేపల మార్కెట్లో కోతపనికి చేరినప్పటి నుంచీ ఒకటే తంతు. బస్సులో ఆయన పక్క సీటు ఖాళీ. ఇల్లు చేరితే పెళ్లాం స్నానాలగది వైపు వేలు చూపేది, కూతురు కిటికీలు బార్లా తెరిచేది. పద్నాలుగేళ్ల కొడుకు మాత్రం లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, నాన్న మోచేతికి అంటిన పొలుసులు గిల్లుతూ భుజానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆ కాసేపూ చేపలాయన మహారాజు.

ఆ మధ్య వాడికి ఎడమ ముక్కు మూసుకుపోయింది. జలుబన్నారు. అటే నెత్తురు కారింది. వేడి చేసిందని నెత్తిన తడిగుడ్డ వేశారు. నెలలో నాలుగోసారి, ఎంతసేపు నొక్కిపట్టినా ఆగకపోయేసరికి ముక్కు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు.

"ఈ వయసు మగపిల్లలకి ఒకే పక్క ముక్కు మూసుకుపోయి, అటే పదే పదే రక్తం కారితే ఇంట్లో కూర్చోకూడదు," అని ఆమె స్కాన్ తీయించింది. "లోపల గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, భయపడకండి. కానీ నిండా రక్తనాళాలే, తీసెయ్యాలి. ఏడాదిగా పెరుగుతున్నట్టుంది."

ఏడాది! చేపలాయన వేళ్లమీద లెక్కేశాడు. తను మార్కెట్లో చేరిందీ అప్పుడే. అదన్నమాట సంగతి, వాడికి ముక్కే పనిచేయలేదు!

ఆపరేషన్ చక్కగా అయింది. ఇప్పుడు డాక్టరమ్మ గుడ్డ తీసి, "మెల్లిగా గాలి పీల్చు," అంది. వాడు పీల్చాడు. మొహం చాటంత అయింది. తల్లి కళ్లు తుడుచుకుంది. అక్క చప్పట్లు కొట్టింది.

చేపలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాన్నా, అక్కడే నిలబడ్డావేంటి? రా."

"ఇక్కడ గాలి బాగుందిలేరా."

"రమ్మంటే!"

వెళ్లక తప్పలేదు. వాడు భుజానికి ఆనుకుని వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఛీ, ఏంటీ నిమ్మకాయ కంపు? నీ వాసన ఏమైంది?"

చేపలాయన తెల్లబోయాడు.

"నా వాసన నీకెలా తెలుసురా? ఇన్నాళ్లూ ముక్కు మూసుకుపోయిందిగా?"

వాడు పకపకా నవ్వాడు.

"ఎడమదే కదా నాన్నా!"