ఐదో గొట్టం

నెహ్రూ నగర్‌లోని చిన్న ల్యాబ్‌లో, రాత్రి, కనకలత ఒక్కతే కూర్చుని రాయపూర్ పంపాల్సిన రక్తం గొట్టాలు ఫ్రిజ్‌లోంచి తీసి సర్దుతోంది.

వాసవి గొట్టాలు చేతికొచ్చాయి. మరోదా నుంచి పొద్దున్నే పరగడుపున భర్తతో వచ్చిన పిల్ల. గ్లూకోజ్ నీళ్లు తాగించి, ఇన్సులిన్ ఎంత పెరుగుతోందో చూడటానికి కనకలతే నాలుగుసార్లు రక్తం తీసింది. నడిస్తే లెక్క తప్పుతుందని, హాల్లో కూర్చోబెట్టి, "నేను చెప్పేదాకా కుర్చీలోంచి లేవకమ్మా" అని గట్టిగా చెప్పింది.

ఇప్పుడు ఐదు గొట్టాలున్నాయి. ఐదోదాని మీద కూడా వాసవి పేరే, తన చేతిరాతే. మిగతావి చల్లగా ఉన్నాయి. అది మాత్రం వెచ్చగా ఉంది.

కనకలత వాసవి భర్తకు ఫోన్ చేసింది.

"మీ ఆవిడెలాగుంది బాబూ?"

"నేనే చేద్దామనుకున్నాను దీదీ. ఇంటికొచ్చినకాణ్ణించీ కుర్చీలోంచి లేవట్లేదు. ఏటడిగినా పలకట్లేదు."

చివరిసారి రక్తం తీశాక, ఇక లేవమని ఆ పిల్లకు చెప్పిందా? ఎంత ఆలోచించినా కనకలతకు గుర్తు రాలేదు.

గాజు తలుపు అవతల, లైట్లు ఆర్పేసిన హాల్లో, కుర్చీ కిర్రుమంది.

"దీదీ," అంది వాసవి గొంతు, బాగా అలిసిపోయి. "ఇంక లేవచ్చా?"