మామగారి కందనకాయ

నంజాలా దొంగతనానికి ముహూర్తం పెట్టుకుంది. శనివారం, భోజనానికి ముందు. దొంగిలించాల్సింది ఒక కందనకాయ.

కోడికూరలో కందనకాయ ఇంటి పెద్దకే చెందుతుంది. వాళ్ళ తెగలో అంతే. చిన్నప్పుడు ఒకసారి నాన్న పళ్ళెం వైపు చెయ్యి చాపితే అమ్మ వేళ్ళమీద గరిటెతో ఒక్కటిచ్చింది. ఆడవాళ్ళు ఎందుకు తినకూడదో అమ్మా చెప్పలేదు, తర్వాత కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. తిన్న కోడల్ని పుట్టింటికి పంపేస్తారని మాత్రం అందరికీ తెలుసు. అక్కడి నుంచి బతికున్న పుంజును చంకన పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా నడిచొస్తేనే మళ్ళీ గడప తొక్కనిస్తారు.

నంజాలాకు పెళ్లై రెండు నెలలు. భర్త సిమియు పళ్ళు తోముకుంటూ తీసే కూనిరాగం కూడా ఆమెకు ముద్దుగానే ఉంది. అతన్ని వదిలి ఒక్క పూట ఉండటం ఆమె వల్ల కాదు. అయినా సరే, కందనకాయ కందనకాయే.

అత్తమామలు బుంగోమా నుంచి నైరోబీ చూడటానికి వచ్చారు. మామగారు కొడుకు ఇంట్లో పడుకోకూడదు కనుక పక్క వీధిలో చెల్లెలింట్లో దిగారు. బస్సులో దారి పొడుగునా అత్తగారి ఒళ్ళో కూర్చుని వచ్చిన ఎర్ర పుంజు మాత్రం నంజాలా వాళ్ళ మూడో అంతస్తు బాల్కనీలో దిగి, తెల్లవారక ముందే భవనమంతా లేపింది.

పొద్దున్నే జిరాఫీలను చూడటానికి వెళ్ళారు. మామగారు అరచేతిలో మేత పెట్టుకుని చెయ్యి చాపారు. జిరాఫీ నల్లటి నాలుకతో మోచేతి దాకా నాకేసింది.

“సిమియు వాళ్ళమ్మా, దీని మెడ చూశావా? మింగింది కడుపులో పడేసరికి ఏం తిన్నదో మర్చిపోతుంది!”

“మీకు అంత మెడ లేకపోయినా మర్చిపోతారుగా,” అంది అత్తగారు.

“కందనకాయ మర్చిపోను. ఇవాళ పుంజును వండమని ఆ అమ్మాయికి చెప్పు.”

ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. మామగారు కోడలితో నేరుగా మాట్లాడరు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగిన చోటే అత్తగారు ఆగిపోయింది. “చెప్పు కరిచింది. మీరు నడవండి, మెల్లగా వస్తా.”

సిమియు పుంజును కోసిచ్చాడు. శుభ్రం చేసే పని అత్తగారు ఎవరికీ ఇవ్వలేదు.

“ఈ ముసలి ఈకలు నీ వేళ్ళకు లొంగవు గానీ, వెళ్ళి ఉల్లిపాయలు పట్రా.”

నంజాలాకు కావలసిందీ అదే. ఉల్లిపాయలు కొని, వీధి మూల కోడికాళ్ళు, కందనకాయలు అమ్మే ఆవిడ దగ్గర ఆగింది. “ఒక్కటి చాలు.”

ఒక్కటి దేనికని ఆవిడ అడగలేదు. చిరిగిన పేపరు ముక్కలో ఫారం కోడి కందనకాయ చుట్టి చేతిలో పెట్టింది. పేపరు మీద ఒక గోల్‌కీపరు గాల్లోకి లేచి బంతి పట్టుకుంటున్నాడు. నడుము దగ్గరే చిరిగిపోయాడు పాపం.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో కమురు వాసన. “ఈకల మొదళ్ళు కాల్చాను,” అంది అత్తగారు, పళ్ళ సందున అగ్గిపుల్లతో కుట్టుకుంటూ.

కూర ఉడుకుతోంది. అత్తగారు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళగానే నంజాలా మూత తీసింది. కందనకాయను పైకి లాగింది. తను తెచ్చినదాన్ని లోపలికి జార్చింది. పేపరును ఉల్లిపొట్టు కింద చెత్తబుట్టలోకి కుక్కింది. తలుపు వెనక నిలబడి, కళ్ళు మూసుకుని, నోట్లో వేసుకుంది.

ముసలి పుంజు కదా, దవడలు నొప్పి పుడతాయనుకుంది. నాలుగుసార్లు నమిలేసరికి జారిపోయింది. ఇంతేనా? దీనికోసమా ఇంత కట్టడి!

వడ్డన అయింది. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద మీద కిరీటంలా కందనకాయ. మామగారు కొరికారు, నమిలారు, ఆగారు.

“సిమియు వాళ్ళమ్మా. ఆ అమ్మాయిని పిలువు.”

నంజాలా కళ్ళ ముందు పుట్టింటి బస్సు కనిపించింది. చంకలో కొట్టుకుంటున్న పుంజు కనిపించింది. గడప దగ్గర బిక్కమొహం వేసుకున్న సిమియు కనిపించాడు. తల వంచుకుని వచ్చి నిలబడింది.

మామగారు గోడను చూస్తూ అన్నారు. “ఆ అమ్మాయికి చెప్పు. ఇన్నేళ్ళుగా మనింట్లో నేను తింటున్న రుచి ఏదో, అచ్చం అదే ఇది. పట్నం పిల్లకు ఏం వస్తుందిలే అనుకున్నాను. మనింటి చెయ్యి పట్టేసింది!”

నంజాలా వంటింట్లోకి పరిగెత్తి, నవ్వు ఆపుకోలేక ఒంటికి చుట్టుకున్న గుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. ఇంత పెద్ద కందనకాయల పండితుడికి ఫారం కోడి ఏదో, నాటు పుంజు ఏదో తెలియలేదు!

ఎముకల పళ్ళెం పట్టుకుని అత్తగారు వచ్చింది. చెత్తబుట్ట మూత తీసి, అలాగే వంగి ఉండిపోయింది. ఉల్లిపొట్టులోంచి రెండు వేళ్ళతో గోల్‌కీపరును బయటికి లాగింది. వాసన చూసింది.

నంజాలా నోట్లోంచి చెంగు తీసేసింది. “అత్తయ్యా... అది...”

అత్తగారు తలుపు దగ్గరగా వేసింది. నడుముకు చుట్టుకున్న లేసో గుడ్డ ముడి విప్పి, మడత పెట్టిన ఇంకో పేపరు ముక్క తీసింది. దాని మీద రెండు కాళ్ళు, రెండు బూట్లు, కింద పచ్చగడ్డి. రెండు ముక్కలూ బల్ల మీద కలిపి పెట్టింది. గోల్‌కీపరు నిండు మనిషయ్యాడు.

“ఓసి పిచ్చిదానా, నువ్వు తిన్నదీ ఫారందే!” గుసగుసగా అంది అత్తగారు, మళ్ళీ అగ్గిపుల్ల అందుకుంటూ. “పెళ్లైన దగ్గర్నుంచీ పుంజు కందనకాయ మీ మామగారికే మిగల్చలేదు నేను, నీకు మిగులుస్తానా?”