చన్నీళ్ళతోనే కడుగు

శ్రీశైలం తన కిరాయి కారును రోడ్డు దింపి జొన్నచేను పక్కన బోరు దగ్గర ఆపాడు. వెనక తలుపు తీశాడు.

బూడిదరంగు గుడ్డ సీటు. సగానికి పైగా ఎర్రగా తడిసి ఉంది. అంచు నుంచి కారి కింద కార్పెట్‌లోకీ దిగింది.

కోస్గిలో ఇంటికి ఇంకా అరగంట దారి. అక్కడ భార్య కౌసల్య తయారై కూర్చుని ఉంటుంది. ఆమె ఈ సీటు చూడకూడదు. కార్లు కడిగే చోటికి తీసుకుపోతే నలుగురూ మూగుతారు. ఏమైందని అడుగుతారు. ఆ మాట తనకంటే ముందే ఇల్లు చేరుతుంది.

నీళ్ళ సీసా నింపి సీటు మీద గుమ్మరించబోతుండగా ఫోన్ మోగింది. కౌసల్యే.

"యాడున్నవ్? ఉన్నపళంగ తయారు గమ్మన్నవు. యాడికి పోతున్నం?"

"వచ్చినంక చెప్త. గది సరేగని, గుడ్డకంటిన నెత్తురు ఎట్ల పోతది?"

"నెత్తురా? ఎవరిది?"

"గిరాకిది. ముక్కు పలిగింది. సీటంత ఖరాబ్ చేసిండు."

కౌసల్య నవ్వింది. "గొర్లకాపరి బిడ్డను, నన్నడుగు చెప్త. చన్నీళ్ళతోనే కడుగు. వేడినీళ్ళు తగిల్తె పట్టుకుంటది, ఇగ పోనే పోదు. రుద్దకు, రుద్దితె ఇంక లోపలికి పోతది. తడిగుడ్డతోని అద్దు. ఇంత ఉప్పు జల్లి జరసేపు ఇడ్షిపెట్టు. గొంగడికంటితె మా బాపు గట్లనే తీస్తడు."

"సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మెడలో తువాలు తడిపి అద్దడం మొదలుపెట్టాడు. గుడ్డ ఎర్రబడగానే పిండి, మడత మార్చి మళ్ళీ అద్దాడు. కార్పెట్ కోసం వంగితే ముందు సీటు కింద తోలు చెప్పు కనిపించింది. ఒక్కటే. రెండోది రోడ్డు మీదే పడిపోయి ఉంటుంది. గబగబా దాన్ని కవర్‌లో చుట్టి డిక్కీలో స్టెప్నీ వెనక్కి తోశాడు.

"ఏంది బిడ్డా, ఎర్రనీళ్ళు పోతున్నయ్?"

ఉలిక్కిపడి తిరిగాడు. కలుపు తీస్తున్న ముసలామె బోరు దగ్గరికి నీళ్ళకు వచ్చింది.

"గొర్రె, అవ్వా. కాలిరిగితె దవాఖానకు తీస్కపోయిన."

"గొర్రెను సీటు మీద పండవెట్టినవా?"

శ్రీశైలం వంగి తువాలు పిండసాగాడు. ఆమె సద్దిమూట విప్పి పొట్లంలోని ఉప్పు ఇచ్చింది. బోరు గట్టు మీదున్న బట్టల సబ్బు ముక్క చూపించింది. తర్వాత దూరంగా నిలబడి కారు నంబరు వైపే చూడసాగింది.

ఉప్పు చల్లాడు. అది నానేదాకా నిలబడలేకపోయాడు. కారు చుట్టూ తిరిగాడు. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా మెడ తిప్పి చూశాడు. సబ్బు నురగ పట్టించి తుడిస్తే పైమరక తేలిపోయింది. హమ్మయ్య అనుకుని చేత్తో అదిమితే, లోపలి స్పాంజిలోంచి మళ్ళీ ఎర్రగా ఊరింది.

అప్పుడే బావమరిది ప్రవీణ్ ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"పోయిండు, బావా."

శ్రీశైలం చేతిలో తువాలు జారిపోయింది.

"పోలీసోళ్ళొచ్చిండ్రు. నీ బండి నంబరు రాసుకున్నరు. నిన్ను రమ్మంటున్నరు."

"వస్త."

"అక్కకు ఏం చెప్పలేదు గద? సీటు సాపు చేసినవా? గది జూస్తె అక్క ఆగమైతది."

"చేస్తున్న. నువ్వు ఎవ్వలికీ ఫోన్ చెయ్యకు."

కార్లో ఉన్న పాత దుప్పటి మడతపెట్టి సీటు మీద వేశాడు. మోకాలితో బలంగా అదిమాడు. తడి దుప్పటికి ఎక్కింది. మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ సబ్బు, మళ్ళీ మోకాలు. ఎరుపు గులాబీ అయింది. గులాబీ పలచబడింది. చివరికి ఉత్త తడే మిగిలింది. దుప్పటినీ తువాలునూ డిక్కీలోకి తోశాడు. చేతులు వాసన చూసుకున్నాడు. ఇంకోసారి కడుక్కున్నాడు. అద్దాలన్నీ దించి, సీటుకు గాలి తగిలేలా కారును ఉరికించాడు.

కౌసల్య వాకిట్లోనే నిలబడి ఉంది. సంచి పెడదామని వెనక తలుపు తీసింది. సీటు మీద అరచెయ్యి వేసి చూసింది.

"మంచిగనే పోయిందే!"

సంచి కింద పెట్టబోయి ఆగింది. కార్పెట్ అంచున, సీటు కాలు పక్కన, చేయి దూరని సందులో ఎర్రటి చార ఇంకా ఉంది. తలెత్తి భర్తను చూసింది. తడిసిన చొక్కా, నిలవని చూపు.

"ముక్కు పలిగితె నెత్తురు గిందాక దిగుతదా? నిజం చెప్పు. ఎవర్నన్న గుద్దినవా?"

"లేదు. ఏదో బండి గుద్దిపోయింది. నేను దవాఖానకు ఏస్కపోయిన."

"బతికిండా?"

శ్రీశైలం తల అడ్డంగా ఊపాడు.

కౌసల్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయ్యో పాపం... గా ఇంట్లోళ్ళు దారి జూస్తుంటరు గద. ఆళ్ళకన్న చెప్పినవా లేదా?"

శ్రీశైలం నీళ్ళకు నాని పాలిపోయిన చేతులతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇప్పుడే చెప్తున్న కౌసల్యా... గది మీ బాపు నెత్తురు."