అద్దం మూలలో మనిషి

“సార్, మీరు కాస్త దిగులుగా ఉండాలి” అన్నాడు ఫోటోగ్రాఫర్, అప్పటికి తొమ్మిదోసారి.

తలుపు దగ్గర నిలబడ్డ పెళ్ళికూతురి తండ్రి ముఖం ముడుచుకున్నాడు. అద్దంలో అది దిగులుగా కనిపించలేదు, పంటినొప్పిలా కనిపించింది.

“అమ్మాయి పెళ్ళి కదండీ! లోపల బాధ ఉండదా?”

“బాధెందుకయ్యా? అల్లుడిది పక్క వీధే.”

అద్దం ముందు కూర్చున్న పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. ఫోటో మళ్ళీ పాడైంది.

పెళ్ళికి ఇంకా గంట కూడా లేదు. ఆమె ఈ ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నదే ఈ అద్దం షాట్ కోసం. అది ఆమె మేనమామ తీసిన సినిమాలోది. అందులో పెళ్ళికూతురు అద్దం చూసుకుంటూ ఉంటుంది. కిటికీ వెలుగు ఒక చెంప మీదే పడుతుంది, మిగతాదంతా నీడ. అద్దం మూలలో మసగ్గా బక్కపల్చటి మనిషి ఒకడు తల వంచుకుని, చేత్తో ఏదో పట్టుకుని ఉంటాడు. ఆ మనిషి బదులే ఇప్పుడు తండ్రిని తలుపు దగ్గర నిలబెట్టారు. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్ల కోసం ఫోటోగ్రాఫర్ ఆ సినిమాకి పద్నాలుగుసార్లు వెళ్ళాడు. చివరి మూడుసార్లు అతని భార్య రానంటే రానంది.

“మామయ్యనే అడుగుదామంటే షూటింగ్‌లో ఇరుక్కుపోయాడు. భోజనాల వేళకి వస్తాడట” అంది పెళ్ళికూతురు.

“అడగక్కర్లేదమ్మా, నాకు తెలుసు. ఆ మూలనున్నది మనిషి కాదు, విధి. చేతిలో ఉన్నది ఆరిపోయిన దీపం.”

“శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆరిపోయిన దీపమేంటయ్యా!” అని తండ్రి కసురుకున్నాడు.

ఫోటోగ్రాఫర్ పళ్ళు బిగించి లైట్ల వైపు తిరిగాడు. ఒకటి కాదు, మూడు తెచ్చాడు. పనిలో చేరిన కొత్తలో ఏదో పెళ్ళిలో ఫ్లాష్ వెలగలేదని గురువు ఆ సాయంత్రమే స్టూడియోలోంచి గెంటేశాడు. అప్పటినుంచీ మూడు లైట్లు లేనిదే అతను గడప దాటలేదు. ఒకదాన్ని గోడ వైపు తిప్పాడు. ఇంకోదానికి గుడ్డ కట్టాడు. మూడోదాన్ని కిటికీ బయట పెట్టాడు. తను అద్దంలో పడకుండా బీరువా పక్కన, బొజ్జ అడ్డొస్తున్నా సరే, మోకాళ్ళ మీద ముడుచుకుని క్లిక్‌మనిపించాడు.

పెళ్ళికూతురి ముఖం సబ్బు ప్రకటనలోలా మెరిసిపోతోంది. చెంప మీద ఆ నీడ లేదు, ఆ మెత్తదనం లేదు.

“సార్, ఇంకొక్కసారి...”

“నేను పోతున్నా. అవతల చుట్టాలొచ్చారు” అని తండ్రి చక్కా పోయాడు.

ఫోటోగ్రాఫర్ ఓటమి ఒప్పుకోలేదు. బట్టల స్టాండు తెచ్చి తలుపు దగ్గర పెట్టి, దానికి తండ్రిగారి కోటు తొడిగాడు. అద్దంలో అది అచ్చం కోటు తొడిగిన బట్టల స్టాండులాగే ఉంది.

పెళ్ళికూతురికి మెడ పట్టేసింది. “పోనీలెండి అంకుల్, మామూలుగా తీసేయండి. ఇటు చూసి నవ్వుతాను.”

ఆ మాటకి అతనికి ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా అతను చేస్తున్నది అదే. ఇటు చూడండి, నవ్వండి, గడ్డం ఎత్తండి. ప్రతి శుక్రవారం సినిమాకి పోయి, చీకట్లో తడుముకుంటూ ఫ్రేములు నోట్‌బుక్‌లో గీసుకొచ్చి, మర్నాడు పెళ్ళిలో మళ్ళీ ఆ నవ్వు ఫోటోలే తీసేవాడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్యతో కచ్చితంగా చెప్పాడు, ఈ ఒక్క ఫోటో రాకపోతే ఇక పెళ్ళిళ్ళు మానేసి పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటానని. ఉత్తుత్తినే అన్న మాట కాదది.

కెమెరా ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

“నావల్ల కాదమ్మా” అన్నాడు. “ఇన్నేళ్ళ పనిలో, సినిమాలో పెట్టదగ్గ ఫోటో ఒక్కటంటే ఒక్కటి తీయలేకపోయాను.”

అప్పుడే పెళ్ళికూతురి తల్లి హడావిడిగా లోపలికి వచ్చింది. “ఇంకా అవలేదా? అందరూ ఎదురుచూస్తున్నారే!”

“మామయ్య సినిమా షాట్ రావట్లేదమ్మా. పాపం, ఈయన ఏడుపొక్కటే తక్కువ.”

తల్లి నవ్వేసింది. “సినిమా చూసి తీస్తే ఎలా వస్తుంది? మా తమ్ముడు ఏం చూసి తీశాడో అది చూడాలి గానీ!”

బీరువా తెరిచి, చీరల అడుగునుంచి అంచులు చిరిగిన పాత ఆల్బమ్ ఒకటి లాగింది. ఒక పేజీ తీసి అతని చేతిలో పెట్టింది.

“నా పెళ్ళి ఫోటో. చిన్నప్పుడు దీన్ని చూసీ చూసీ వాడికి సినిమా పిచ్చి పట్టింది. ఆ మూల మనిషితో సహా ఉన్నదున్నట్టు దించేశాడు.”

“ఎవరు తీశారండీ?”

“ఏమో! మా తమ్ముడూ ఎంత వెతికాడో. ఆల్బమ్ ఇచ్చిన స్టూడియో ఆయన ఎప్పుడో పోయారు.”

ఫోటోగ్రాఫర్ కళ్ళజోడు తుడుచుకుని ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అదే చెంప, అదే నీడ. ఏ లైటూ వేసిన జాడ లేదు, అంతా కిటికీ వెలుగే. అతనికి అసూయ పుట్టింది. ఎవడో మహానుభావుడు అనుకున్నాడు. తర్వాత అద్దం మూలకి చూపు తిప్పాడు. సినిమాలోలాగా ఇక్కడ మసక లేదు, ముఖం స్పష్టంగా ఉంది. ఆ చేతిలో ఉన్నది దీపమూ కాదు.

మెడలో కెమెరాతో, వెలగని ఫ్లాష్ పట్టుకుని బిక్కమొహం వేసిన ఆ కుర్రాడు తనే.