బీ టవర్, త్రీ టూ జీరో ఫోర్

కోకాపేటలో నాలుగు కోట్లు పోసి కొన్న ఫ్లాట్. పాలు పొంగించిన రాత్రి అక్కడే నిద్ర చేయాలని ప్రవీణ, లోహిత్ ఉండిపోయారు. ముప్పై రెండో అంతస్తుకి రోడ్డు చప్పుడు కూడా రాదు. పక్కది గులాబీ గోడల గది. ఆ రంగు కోరుకున్న ఆరేళ్ల కూతురు రసజ్ఞ, తాళాలు చేతికి రాకముందే జ్వరంతో పోయింది. తప్పిపోతే చెప్పాలని కొత్తింటి నంబరు ఆస్పత్రి మంచం మీదే ప్రవీణ దానికి నేర్పింది.

రాత్రి రెండింటికి ఇంటర్‌కామ్ మోగింది. గేటు దగ్గరి వాచ్‌మన్.

"మేడం, చిన్న పాప ఒక్కతే వచ్చింది. బీ టవర్, త్రీ టూ జీరో ఫోర్ అని ఒక్కటే చెప్తున్నది. పైకి పంపాల్నా?"

లోహిత్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ప్రవీణ మెల్లగా విడిపించుకుంది.

"ఒక్కతే లిఫ్ట్ ఎక్కాలంటే దానికి భయమండీ. అక్కడే ఉండమనండి, నేనే కిందికొస్తున్నా."