మూలగడం మానిన దుంగ

తెల్లవారుజామున అయిదుంపావుకు తల్లి గబ్బిలం చెంగాలు పాత రాతిగనిలోకి తిరిగొచ్చి, పిల్లకు పాలివ్వబోతూ అలవాటుగా చెవి రిక్కించింది. పైకప్పును మోసే కర్రదుంగ రోజూ కిర్రుమనేది. ఆ రోజు కిక్కురుమనలేదు.

“పీడ విరగడైంది. ఇక పడుకో వదినా,” అంది దుంగ మీది బల్లి.

“మోసేవాడు మూలగడం మానేస్తేనే నాకు భయం, మరదలా.”

“చప్పుడైనా భయమే, కాకపోయినా భయమే! నీకిక నిద్రెప్పుడు?”

చెంగాలుకు కాలు నిలవలేదు. పిల్లను పొట్టకు హత్తుకుని బయటి వెలుగులోకి ఎగిరిపోయింది. కాకులు తరిమినా వెనక్కి రాలేదు.

ఆ మధ్యాహ్నమే గని కప్పు కూలింది. తోక పోగొట్టుకుని బయటపడ్డ బల్లి, నాలుగో రోజున చింతకొమ్మకు వేలాడుతున్న చెంగాలును వెతికి పట్టుకుంది.

“వదినా, దుంగలో చెదలు పైబెరడు తప్ప ఏమీ మిగల్చలేదు. ఆ ఉదయానికే అది దేన్నీ మోయడం లేదు.”