సెట్టుకీ సెట్టుకీ మధ్య

మూడో సెట్టు అయ్యేసరికి తమ్ముడి తొడలు గడగడలాడుతున్నాయి. బరువు స్టాండు మీద పెట్టి అక్కడే కూలబడ్డాడు.

"వెల్లకిలా పడుకో, త్వరగా," అంటూ అక్క కండరాలు రుద్దే ఫోమ్ రోలర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

అది గని సహాయక దళానికి ఎంపిక. లోపల పైకప్పు కూలితే అందరూ బయటికి పరుగెడుతుంటే, లోపలికి పరుగెత్తేవాళ్ళ దళం. ఇనుప బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీయాలి. నాలుగు సెట్లు, సెట్టుకి పన్నెండు. ఒక్కటి తగ్గినా ఇంటికే. వచ్చే ఏడు మళ్ళీ చూద్దామంటే వయసు దాటిపోతుంది.

బావ ఈ దళంలోనే పనిచేసేవాడు. కిందటేడు లోపలికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆయన పాత హెల్మెట్ ఇంకా అక్క ఇంట్లో తలుపు వెనక మేకుకే ఉంది. దాన్ని తను పెట్టుకోవాలని ఆ రోజు నుంచి తమ్ముడిది ఒకటే పట్టు. ఇంటి వెనక ఒంటరిగా ఇసుక బస్తాలు మోసి మోసి సగమైపోయాడు. అలాంటివాడికి ఇవాళ జిమ్ ట్రైనర్ అయిన అక్కే తోడొస్తే కొండంత ధైర్యం వచ్చింది.

అక్క రోలర్‌ని తొడల మీద పెట్టి, తన బరువంతా వేసి రుద్దుతోంది.

"చాల్లే అక్కా, లేస్తాను."

"ఇంకాస్త. రాళ్ళలా బిగుసుకుపోయాయిరా. కదలకు."

ఆమె మొహం నిండా చెమట. కళ్ళలో నీళ్ళు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. దేవుడికి మొక్కుతోందని వాడికి అర్థమైంది. తన మీద ఇంత ఆశ పెట్టుకుందే అని గుండె బరువెక్కింది.

"ఏమయ్యా, మాలిష్ అయిందా? దుప్పటి కూడా తెప్పించమంటావా?" అన్నాడు పరీక్షాధికారి.

"గంట కొట్టేదాకా టైముంది కదా సార్, మీకు దణ్ణం పెడతాను," అని అక్క బతిమాలింది. గంట మోగేదాకా చెయ్యి ఆపలేదు.

నాలుగో సెట్టు. సగం దాకా బాగానే లేచాడు. ఆ తర్వాత మోకాళ్ళు వణికాయి. పదకొండోది ఎలా లేచాడో వాడికే తెలీదు. పన్నెండోసారి కిందికి దిగాడు.

"లేవరా, లేవరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

తొడల్లో ఏమీ మిగల్లేదు. బార్ జారి అడ్డ కడ్డీల మీద ధన్‌మని పడింది. అధికారి తల అడ్డంగా ఊపి తర్వాతివాణ్ణి పిలిచాడు.

తమ్ముడు అక్క ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "చేతులు పడిపోయేలా రుద్దావు కదే. నేనే చేతకానివాణ్ణయ్యాను."

ఆమె వాడి తలని గుండెలకి హత్తుకుని, వాడికంటే ఎక్కువగా ఏడ్చింది.

మర్నాడు జిమ్‌లో, రెండో సెట్టు ముగించి రోలర్ అందుకోబోయిన కొత్తమ్మాయి చేతిలోంచి దాన్ని లాక్కుని, ఏళ్ళ తరబడి అందరికీ మొదటిరోజే చెప్పే మాట అక్క మళ్ళీ చెప్పింది: "ఇది అన్ని సెట్లూ అయ్యాకే తల్లీ, మధ్యలో రుద్దితే కాళ్ళలో ఉన్న సత్తువంతా జారిపోతుంది."